గొంతుకు దారి చూపిన చిట్టా

ఏ పాడ్‌కాస్ట్‌నైనా విప్పి లోపలికి చూస్తే చివరికి తేలేది ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. మైకులు, హెడ్‌ఫోన్లు, ఫోన్ తెర మీద కనిపించే చదరపు బొమ్మ, ఇవన్నీ దాని చుట్టూ చేరినవే. కిరాణా కొట్టు చిట్టాలో పద్దులు రాసినట్టు అందులో ఒక్కో భాగానికి ఒక్కో పద్దు ఉంటుంది. దాని పేరు, విడుదలైన తేదీ, రెండు ముక్కల పరిచయం, ఆడియో ఫైలు ఉన్న చిరునామా, అది ఎన్ని బైట్లు, ఏ రకం. కొత్త భాగం వచ్చిన రోజున చిట్టాలో ఇంకో పద్దు చేరుతుంది. దీన్నే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అంటారు. పాడ్‌కాస్ట్ పుట్టుక, పెంపకం, ఎదిగాక దాని మీద జరిగిన తగాదాలు, అన్నీ ఈ చిట్టా చుట్టూనే తిరిగాయి.

రాత్రి దిగుమతి, పొద్దున వినికిడి

1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీలో డాన్ లిబ్బీ, రామనాథన్ గుహ ఈ ఫీడ్‌కు తొలి రూపం ఇచ్చారు. గుహ మద్రాసు ఐఐటీలో చదువుకున్న భారతీయుడు. అప్పట్లో దాని పని అక్షరాల వరకే. వేర్వేరు వెబ్‌సైట్ల శీర్షికలను ఒకే పేజీ మీదికి తెచ్చి చూపించడం, అంతే. నెట్‌స్కేప్ దాన్ని వదిలేశాక డేవ్ వైనర్ అనే ప్రోగ్రామర్ దత్తత తీసుకున్నట్టుగా దాన్ని పెంచుకొచ్చాడు.

2000లో ఎంటీవీ మాజీ వ్యాఖ్యాత ఆడమ్ కరీ న్యూయార్క్‌లో వైనర్‌ను కలిసి ఒక చిక్కు గురించి మాట్లాడాడు. ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో పాట వినాలంటే నొక్కాలి, ఆగాలి, మళ్ళీ ఆగాలి. ఎంత ఆగాలో లెక్క వేద్దాం. అరగంట ప్రసంగాన్ని సెకనుకు 64 వేల బిట్ల చొప్పున కుదిస్తే 1.44 కోట్ల బైట్లు అవుతుంది. 56 కె డయలప్ మోడెమ్ పూర్తి వేగంతో పనిచేసినా అది దిగడానికి 34 నిమిషాలు పట్టేది. అరగంట మాట వినడానికి అంతకంటే ఎక్కువ సేపు ఎదురుచూపు!

కరీ ఆలోచన చాలా మామూలుది. మనిషిని కూర్చోబెట్టి ఎదురుచూడనివ్వడం ఎందుకు? కంప్యూటర్ ఖాళీగా ఉన్న రాత్రివేళ అదే వెళ్ళి ఫైలు తెచ్చిపెట్టుకుంటే సరి. తెల్లారి తలుపు తీసేసరికి గుమ్మంలో పాల ప్యాకెట్టు ఉన్నట్టు, వినేవాడు లేచేసరికి ఆడియో సిద్ధంగా ఉంటుంది. వేగం పెంచకుండా, వేళ మార్చి చిక్కు విప్పిన ఉపాయం ఇది.

వైనర్ 2000 డిసెంబరులో ఫీడ్ నియమాల్లో 'ఎన్‌క్లోజర్' అనే కొత్త అర చేర్చాడు. ఆఫీసు ఉత్తరాల అడుగున 'జతపరచినవి' అని రాస్తామే, సరిగ్గా అదే. అక్షరాల చిట్టాకు ఇక శబ్దాన్ని జతచేయవచ్చు. 2001 జనవరి 11న ఆయన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం పాటను తన ఫీడ్‌కు జతచేసి అది పనిచేస్తుందని చూపించాడు.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా ఆ అర దాదాపు ఖాళీగానే ఉంది. తెచ్చిన శబ్దాన్ని జేబులో వేసుకుని తిరిగే పరికరం, అందులో నింపదగిన మాట, రెండూ జనానికి చేరాలి. 2001 అక్టోబరులో ఆపిల్ ఐపాడ్‌ను ఆవిష్కరించింది. 2003 జులైలో పాత్రికేయుడు క్రిస్టఫర్ లైడన్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని బెర్క్‌మన్ సెంటర్ నుంచి తన ఇంటర్వ్యూలను ఎంపీ3 ఫైళ్ళుగా ఫీడ్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. ఫీడ్‌లోని ఆడియోను ఐపాడ్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామును ఆ అక్టోబరులోనే హార్వర్డ్‌లో కెవిన్ మార్క్స్ చూపించాడు. కరీ ఆ దారినే 'ఐపాడర్' తయారుచేసి, 2004 ఆగస్టులో 'డైలీ సోర్స్ కోడ్' అనే తన కార్యక్రమం ప్రారంభించాడు.

బిడ్డ నడక నేర్చింది గానీ పేరు స్థిరపడలేదు. 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ రాస్తూ దీన్ని ఏమని పిలుద్దామంటూ రెండు మూడు పేర్లు సూచించాడు. వాటిలో ఒకటి 'పాడ్‌కాస్టింగ్'. ఐపాడ్‌లోని పాడ్‌కు, ప్రసారమనే అర్థమున్న బ్రాడ్‌కాస్ట్ తోకను అతికించిన మాట అది. 2005 జూన్ 28న ఆపిల్ తన ఐట్యూన్స్ సాఫ్ట్‌వేర్ 4.9 వెర్షన్‌లో పాడ్‌కాస్ట్‌లకు చోటిచ్చింది. రెండు రోజుల్లో 10 లక్షల చందాలు నమోదయ్యాయి. ఆ ఏటి మేటి పదంగా న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు 'పాడ్‌కాస్ట్'ను ఎంచుకుంది.

శబ్దం సన్నబడిన విధం

చిట్టా ఎంత తేలికైనా, మోయవలసిన మూట బరువైతే ప్రయాణం సాగదు. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. మన చెవి వినగలిగే గరిష్ఠ పౌనఃపున్యం సుమారు 20 వేల హెర్ట్‌జ్. దాన్ని నష్టం లేకుండా పట్టుకోవాలంటే కనీసం రెట్టింపు సార్లు కొలవాలి. ఒక్కో కొలతకు 16 బిట్లు, ఎడమ కుడి అని రెండు వరుసలు. అరగంటకు 31 కోట్ల బైట్లు దాటుతుంది.

ఇక్కడ ఆదుకున్నది జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు సాధించిన ఎంపీ3. కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ వారిలో ముఖ్యుడు. వాళ్ళు శబ్దంతో పాటు చెవిని కూడా చదివారు. పెళ్ళి ఊరేగింపులో డోలు మోగుతున్నప్పుడు పక్కవాడి గుసగుస వినపడదు కదా. గుసగుస గాలిలో ఉంది, మన చెవికి మాత్రం లేదు. ఒక పెద్ద ధ్వని తన పక్క పౌనఃపున్యాల్లోని చిన్న ధ్వనులను కప్పేస్తుంది. డోలు దెబ్బకు కాస్త ముందు, కాస్త వెనక వచ్చినవి కూడా మరుగున పడతాయి. అలా చెవికి అందని వాటి మీద బిట్లు ఖర్చు పెట్టకుండా పొదుపు చేయడమే ఎంపీ3 కిటుకు.

ఎంత వరకు తీసేస్తే చెవి పసిగడుతుంది? అది తేల్చుకోవడానికి బ్రాండెన్‌బర్గ్ సుజాన్ వేగా వాద్యాలేవీ లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' పాటను మళ్ళీ మళ్ళీ విన్నాడు. వాద్యాల చాటు లేని ఒంటరి గొంతులో చిన్న లోపమూ బయటపడిపోతుంది. ఆ గొంతు సరిగ్గా వినిపించేదాకా లెక్కలు సరిచేస్తూ పోయాడు. రేపు మీరు రికార్డు చేసే మాట కూడా ఒంటరి గొంతే కాబట్టి ఆనాటి శ్రమ మీకూ పనికొస్తోంది.

పవర్గం పరీక్ష

మైకు దగ్గరికి వద్దాం. అరచేతిని నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి 'న' అనండి. గాలి తగలదు. ఇప్పుడు 'ప' అనండి. తర్వాత 'ఫలం', 'భయం' అనండి. అరచేతికి గాలి చరుపు తెలుస్తుంది. పెదవులు మూసి ఒక్కసారి తెరిచే అక్షరాలివి. మహాప్రాణాలకు గాలి ఇంకా ఎక్కువ. మైకులోని సన్నటి పొరకు ఈ గాలి దెబ్బ తగిలితే రికార్డింగులో 'ధబ్' మన్న మోత వినిపిస్తుంది. దానికి మందు ఖరీదైనదేమీ కాదు. మైకును నోటికి సూటిగా పెట్టకుండా కాస్త పక్కకు, బెత్తెడు నుంచి జానెడు దూరంలో ఉంచుకోవాలి. గాలి సూటిగా సాగిపోతుంది, శబ్దం పక్కకూ విస్తరించి మైకును చేరుతుంది.

రెండో శత్రువు గది. నున్నటి గోడలు, టైల్స్ నేల మాటను తిప్పికొడతాయి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక, మీటరున్నర దూరంలోని గోడకు తగిలి తిరిగి రావడానికి సెకనులో నూరో వంతు కూడా పట్టదు. అంత త్వరగా వచ్చిన ప్రతిధ్వని విడిగా వినిపించదు, అసలు మాటలోనే కలిసిపోయి బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు చేస్తుంది. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చున్నా, వెనక రెండు బొంతలు వేలాడదీసినా తేడా తెలుస్తుంది. ఫ్యాను ఆపండి. మాట్లాడే ముందు పది సెకన్లు మౌనంగా రికార్డు చేయండి. గది మూలుగు ఎలా ఉందో ఆ పది సెకన్లే చెబుతాయి, తర్వాత దాన్ని తగ్గించడానికీ అవే ఆధారం.

'పబ్లిష్' నొక్కాక

రికార్డు చేసి, తడబాట్లు కోసేసి, శబ్దం స్థాయి సరిచేశారనుకుందాం. శబ్దపు గట్టిదనాన్ని కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్ లెక్కలో ఆపిల్ మైనస్ 16 దగ్గర, స్పాటిఫై మైనస్ 14 దగ్గర ఉంచమని సలహా ఇస్తాయి. వినేవాడు ఒక కార్యక్రమం నుంచి ఇంకో కార్యక్రమానికి మారినప్పుడు శబ్దం పెంచుకోవడం, తగ్గించుకోవడం లేకుండా ఉండటానికే ఈ కొలత.

తర్వాత ఫైలును ఒక హోస్టింగ్ సేవకు ఎక్కిస్తారు. ముఖచిత్రం కనీసం 1400, గరిష్ఠంగా 3000 పిక్సెళ్ళ చదరం ఉండాలని ఆపిల్ నియమం. భాష అడిగిన చోట తెలుగును ఎంచుకోండి. ఫీడ్‌లో ఆ భాషకు గుర్తు టి, ఇ అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు. తెలుగు కార్యక్రమాన్ని తెలుగు కార్యక్రమంగా గుర్తుపట్టేది ఈ రెండక్షరాలతోనే, మరిచిపోవద్దు.

మీరు పబ్లిష్ నొక్కగానే జరిగేది ఒక్కటే. చిట్టాలో కొత్త పద్దు పడుతుంది. దానికి ఆధార్ నంబరు లాంటి విడి గుర్తింపు ఉంటుంది, అందుకే శీర్షికలో అక్షరదోషం దిద్దినా అది కొత్త భాగంగా మళ్ళీ ప్రత్యక్షం కాదు. స్పాటిఫై, ఆపిల్ లాంటి వేదికలకు ఫీడ్ చిరునామా మొదట ఒక్కసారి ఇస్తే చాలు. స్పాటిఫై అయితే ఫీడ్‌లో రాసి ఉన్న ఈమెయిల్‌కు ఒక కోడ్ పంపి, చిట్టా మీదేనని రుజువు చేసుకుంటుంది. ఆ తర్వాత వేదికలే ఉండుండి వచ్చి 'ఏమైనా మారిందా?' అని సర్వర్‌ను అడుగుతుంటాయి. మారకపోతే 'లేదు' అన్న పొడి జవాబుతో వెనుదిరుగుతాయి. మారితే కొత్త పద్దును తమ వినేవాళ్ళ ముందు పెడతాయి. చాలా సేవల్లో ఆడియో మాత్రం మీ హోస్టింగ్ దగ్గరే ఉంటుంది.

సొంతదారు ఎవరు?

గిరాకీ పెరిగాక హక్కుదారులు బయల్దేరారు. పాడ్‌కాస్టింగ్ మీద పేటెంటు తమదేనని అమెరికాలో పర్సనల్ ఆడియో అనే కంపెనీ దావాలు వేసింది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ జనం దగ్గర చందాలు పోగుచేసి దాన్ని సవాలు చేసింది. ఆ పేటెంటుకు ముందే ఇంటర్నెట్‌లో కార్యక్రమాలను భాగాలుగా అందించినవాళ్ళు ఉన్నారని తేలి, 2015 ఏప్రిల్‌లో అమెరికా పేటెంటు కార్యాలయం ఆ హక్కులను కొట్టేసింది. 2017లో అప్పీలు కోర్టు కూడా ఆ మాటే నిలబెట్టింది.

ఈలోగా 2014లో 'సీరియల్' అనే పరిశోధన కథనం ఈ మాధ్యమాన్ని లక్షల కొత్త చెవులకు చేర్చి, ప్రతిష్ఠాత్మకమైన పీబడీ పురస్కారం అందుకుంది. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై గిమ్లెట్, యాంకర్ అనే పాడ్‌కాస్ట్ కంపెనీలను కొన్నది. ఆ నెలాఖరుకే భారతదేశంలోనూ అడుగుపెట్టింది. ఫోన్ ఒక్కటి ఉంటే రికార్డు చేసి ఉచితంగా ప్రచురించే వీలును యాంకర్ ఇచ్చింది, ఆ సేవే పేర్లు మారుతూ నేడు 'స్పాటిఫై ఫర్ క్రియేటర్స్' అయింది. కొన్ని కార్యక్రమాలను తన గోడల మధ్యే ఉంచాలని స్పాటిఫై ప్రయత్నించింది. వాటిలో పేరుమోసిన జో రోగన్ కార్యక్రమాన్ని 2024లో మళ్ళీ అన్ని వేదికలకూ తెరిచింది. అదే ఏడాది గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడింది. వేదిక పోయింది కానీ ఆ కార్యక్రమాలు పోలేదు. చిట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వినేవాళ్ళు తమ చందాల జాబితా పట్టుకుని వేరే యాప్‌కు వెళ్ళిపోయారు.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఇది. మైకు ఏది కొనాలన్న ప్రశ్న కంటే ముందు ఇంకో ప్రశ్న అడగండి: నా ఫీడ్ నా చేతిలో ఉంటుందా? హోస్టింగ్ సేవ ఫీడ్ చిరునామా ఇస్తుందా, మానేసిన రోజున పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి మళ్ళించనిస్తుందా అని చూడండి. ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో కొత్త అడ్రసు రాసిచ్చి రావడం లాంటిది ఆ ఏర్పాటు. అది లేకపోతే ఏళ్ళ తరబడి పోగైన శ్రోతలు ఒక్కపూటలో తప్పిపోతారు. అసలు రికార్డింగుల నకలు మీ హార్డ్ డిస్క్‌లో ఎప్పుడూ ఉంచుకోండి.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైనప్పుడు ఒక తెలుగు గొంతు ఇంటింటికీ చేరాలంటే కేంద్రం, ట్రాన్స్‌మిటర్, లైసెన్సు కావలసి వచ్చాయి. ఇప్పుడు శ్రీకాకుళం యాసలో చేపలవేట కబుర్లు చెప్పే పెద్దాయనకైనా, పాలమూరు మాటలో పొడుపుకథలు విప్పే అవ్వకైనా ఒక ఫోన్, ఒక బొంత, ఒక చిట్టా చాలు. ఆ గొంతులు డల్లాస్‌లో వంట చేసుకుంటున్న మనవరాలి చెవిన పడతాయి. మీ ఇంట్లో అలాంటి గొంతు ఉంటే ఈ ఆదివారమే ఫ్యాను ఆపి, ఆ మనిషి ఎదురుగా కూర్చోండి. తొలి పద్దు రాయండి.