మందును మోసే రేణువులు, మేలుకొనే సైన్యం

కలకత్తా నగరానికి తూర్పున ఒకప్పుడు ఉప్పునీటి చిత్తడినేల ఉండేది. ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ పూనికతో, 1962లో యుగోస్లావియా ఇంజనీర్లు హుగ్లీ నది అడుగున తోడిన ఒండ్రును గొట్టాల ద్వారా తెచ్చి దానిని పూడ్చ నారంభించారు. ఆ మెరకపై వెలసిన పట్టణమే సాల్ట్ లేక్. స్వయంగా వైద్యుడైన రాయ్ పేరిట దానిని బిధాన్‌నగర్ అని కూడా అంటారు. 1917లో జగదీశ్ చంద్ర బోస్ నెలకొల్పిన బోస్ ఇన్‌స్టిట్యూట్ నేడు ఇక్కడి ఐదవ సెక్టారులో ఉన్నది.

ఆ సంస్థకు చెందిన తాన్యా దాస్, గౌరీశంకర్ సా అనే శాస్త్రజ్ఞులు చాలాకాలంగా ఒక ప్రశ్న వెంటబడ్డారు. కాన్సర్ కంతి పెరుగుతున్నప్పుడు, శరీరానికి రక్షకభటులవంటి టి-కణాలు ఏమవుతున్నాయి? 2007లో వారి బృందం ప్రకటించిన సమాధానం కలవరపెట్టేది. కంతి ఉన్న ఎలుకలలో ఆ కణాలు తమంతట తామే నశించిపోతున్నాయి. పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థాన్ని ఇచ్చిన ఎలుకలలో ఆ నాశనం తగ్గింది. ఇది ఎలుకల ముచ్చట. పసుపు తిని కాన్సర్ వైద్యం మానుకొనే సాహసం ఎవరూ చేయరాదు. పైగా కర్క్యుమిన్ నీటిలో కరగదు, రక్తంలోకి సరిగా చేరదు. అందువల్లనే అనేక ప్రయోగశాలలు దానిని అతిసూక్ష్మమైన నానో రేణువులలో ఇమిడ్చి చూస్తున్నాయి.

కరగని మందు కాన్సర్ వైద్యానికి పాత తలనొప్పే. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ గొప్ప మందు. కాని నీటిలో కరగదు. దానిని కరిగించడానికి మన ఆముదం నుండి తయారుచేసిన ఒక ద్రావకాన్ని వాడవలసివచ్చింది. ఆ ద్రావకం కొందరికి పడదు. ఒళ్లు దద్దురులెక్కి, ఊపిరాడని స్థితి కూడా కలుగవచ్చు. కనుక ముందుగా స్టీరాయిడ్లు ఇస్తారు. స్టీరాయిడ్ల స్వభావమేమో రోగనిరోధక శక్తిని అణచడం!

2005లో అమెరికాలో అనుమతి పొందిన కొత్తరూపంలో ఆముదపు ద్రావకం లేదు. రక్తంలో సహజంగా ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీనుతో మందును కలిపి, సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేశారు. మీటరును నూరుకోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి నానోమీటరు. ఈ రేణువులకు సాధారణంగా ముందస్తు స్టీరాయిడ్ అవసరం లేదు.

ఈలోగా మరొక ద్వారం తెరుచుకున్నది. టి-కణాలను అదుపులో ఉంచే ‘బ్రేకుల’ను, వాటిని విడిపించే మార్గాన్ని కనుగొన్నందుకు అమెరికాకు చెందిన జేమ్స్ ఆలిసన్, జపాన్‌కు చెందిన తసుకు హోంజో 2018లో నోబెల్ బహుమతి పంచుకొన్నారు. ఒక మందు కంతిని చంపుతూ ఉండగా, రెండవది సైన్యాన్ని మేలుకొలిపితే? చచ్చే కాన్సర్ కణం తన గుర్తులను వెదజల్లుతుంది. మేలుకొన్న టి-కణం వాటిని పసిగట్టగలదు. స్టీరాయిడ్ లేని రేణువుల మందు ఈ జోడీకి తగినదనిపించడంలో వింతలేదు.

2018లో ప్రకటించిన ఒక పెద్ద పరీక్షలో, ముదిరిన ఒకరకం రొమ్ము కాన్సర్‌కు రేణువుల పాక్లిటాక్సెల్‌తో అటిజోలిజుమాబ్ అనే మందును జతచేశారు. పిడి-ఎల్1 అనే గుర్తు ఉన్న రోగులలో వ్యాధి అదుపులో ఉన్న కాలం 5 నెలల నుండి ఏడున్నర నెలలకు పెరిగింది. 2019లో అమెరికాలో తాత్కాలిక అనుమతి లభించింది. అయితే పాతరకపు పాక్లిటాక్సెల్‌తో చేసిన మరొక పరీక్ష 2020లో విఫలమైంది. 2021లో తయారీదారులు అమెరికాలో ఆ అనుమతిని వదులుకొన్నారు. తప్పు స్టీరాయిడ్లదేనా? అలా తేల్చి చెప్పడం తొందరపాటు. పెంబ్రొలిజుమాబ్ అనే మరొక మందు రేణువుల పాక్లిటాక్సెల్‌తోనూ, పాతదానితోనూ మేలు చేసింది.

ఈ మందుల వెల మన సామాన్య కుటుంబాలకు అందేది కాదు. బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు ఆ చిక్కునే పట్టుకొన్నారు. ముదిరిన తల, మెడ కాన్సర్ రోగులు 151 మందిని రెండు వర్గాలుగా విభజించి పరీక్షించారు. నివొలుమాబ్ అనే మందును రెండు వారాలకొకసారి 240 మిల్లీగ్రాములు ఇవ్వడం పరిపాటి. వారు ఒక వర్గానికి మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే, చవకైన మూడు మాత్రలతో కలిపి ఇచ్చారు. ఇక్కడ నానో రేణువులు లేవు. జోడీ సూత్రం మాత్రం అదే. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది తరువాత బ్రతికి ఉన్నవారు నూటికి 16 మంది. జోడీ మందు తీసుకొన్నవారిలో 43 మంది.

ఆ మూడు మాత్రలలో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టి, 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మందు అది.