బండి ఎందుకు స్టార్ట్ కాలేదు?

పిల్లలూ, బదిలీ మీద చలి ఊరికి వెళ్లిన నాకు కొత్త బడిలో అదే మొదటి రోజు. మా పాత మారుతి 800 మొరాయించింది. తాళం తిప్పితే 'టిక్' మని ఊరుకుని, హెడ్‌లైట్లు మసకబారితే తప్పు బ్యాటరీది. మాది అలా కాదు. ఇంజను గిరగిరా తిరుగుతోంది, అంటుకోవడం లేదు. అంటే పెట్రోలు అందట్లేదు, లేదా ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టట్లేదు. ఇంతలో గుప్పున పెట్రోలు వాసన! చోక్ లాగి పదేపదే తిప్పింది నేనే కదా, పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిశాయి. తడి ప్లగ్గు రవ్వనివ్వదు. మూడింటినీ విప్పి, తుడిచి, ఆరనిచ్చి బిగించాను. చోక్ లోపలికి నెట్టి, గాలి బాగా వెళ్లేలా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి తిప్పితే దగ్గుతూ స్టార్టయింది. వెళ్లేసరికి అసెంబ్లీ అయిపోయింది. పెట్రోలు వాసన చేతులతోనే హాజరుపట్టీలో సంతకం పెట్టాను.