నలుగురా, నేనా?

దిగులుతో కుమిలిపోతున్న కాలేజీ పిల్లలు కౌన్సెలర్ గడప ఎందుకు తొక్కరని ఎవరినడిగినా ఒకటే జవాబు: ‘నలుగురూ ఏమనుకుంటారోనని.’ లెక్కలు ఆ మాటకు పూర్తిగా వంత పాడటం లేదు.

అమెరికాలో 13 విశ్వవిద్యాలయాల్లోని 5,555 మంది విద్యార్థులను ప్రశ్నించిన అధ్యయనం ఒకటి 2009లో అచ్చయింది. మానసిక చికిత్స తీసుకున్నవారిని లోకం చులకనగా చూస్తుందా? మరి నువ్వు? లోకం చూస్తుందన్నవారితో పోలిస్తే, తామే చూస్తామన్నవారు బాగా తక్కువ. పక్కవాడి మనసును ఉన్నదానికన్నా చెడ్డగా ఊహించుకుంటున్నారన్నమాట. అసలు విశేషం ఆ తర్వాతది. లోకం చులకన చేస్తుందనుకోవడానికీ సాయం కోరకపోవడానికీ అక్కడ చెప్పుకోదగ్గ లంకె కనిపించలేదు. ఆ చులకనను తమలోనే పెట్టుకున్నవారు మాత్రం సాయానికి దూరంగా ఉండిపోయారు.

ఇది తెలిశాక మన అంకె చూస్తే గుబులు పుడుతుంది. 2021లో యునిసెఫ్ 21 దేశాల్లో 15–24 ఏళ్లవారిని అడిగింది: మానసిక సమస్యకు ఇతరుల సాయం తీసుకోవడం మంచిదేనా? సగటున 83 శాతం ఔనన్నారు. మన దేశంలో 41 శాతమే. సగం మంది కూడా ఔననని దేశం వాటిలో మనదొక్కటే. పైగా లోకం తీరు గురించి కాదు, అడిగింది పిల్లల సొంత అభిప్రాయం.

అది ఊరికే పుట్టదు. హాస్టల్లో రెండ్రోజులు ముభావంగా ఉంటే చాలు, ‘ఏరా, ఎర్రగడ్డకు పంపించమంటావా?’ అంటారు. విశాఖలోనైతే చినవాల్తేరు. రెండుచోట్లా మానసిక వైద్యశాలలున్నాయి మరి. ఆ కుర్రాడూ అందరితోపాటు నవ్వేస్తాడు. ఇంటికి ఫోన్ చేస్తే ‘వేళకు తిని పడుకో నాన్నా, అదే సర్దుకుంటుంది’ అంటుంది అమ్మ. ప్రేమతోనే అంటుంది, కానీ ఆ తర్వాత వాడు మళ్లీ ఆ ఊసెత్తడు.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది: 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. మంచిదే. కానీ ఆ గదిని ప్రిన్సిపాల్ గది పక్కనే పెట్టి, క్లాసు మధ్యలో అటెండర్‌తో రోల్ నంబరు చదివించి పిలిపిస్తే ఎవరొస్తారు? నన్నడిగితే పోస్టర్లకన్నా, కొత్త బ్యాచ్ రాగానే ‘నేనూ వెళ్లాను’ అని చెప్పే సీనియర్ ఒకరు కావాలి.

గది దాకా వెళ్లలేనివారికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.