వెండి రూపాయి పందెంలో గెలిచేది మనిషా, లోహమా?

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ జంక్షన్, వర్క్‌షాపు కట్టిన రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. అలాంటి ఇళ్లలో తాతల నాటి ట్రంకుపెట్టె అడుగున నాలుగు వెండి రూపాయలు దొరకడమూ వింత కాదు. వాటిని చూసి, రైల్వే నుంచి రిటైరైన నలుగురు మిత్రులు ఒక సరదా పందెం వేసుకున్నారనుకుందాం. తలా 10 వేల రూపాయలు పెట్టి ఎవరికి నచ్చిన పాత నాణేలు వారు కొనాలి. ఏడాది తిరిగాక ఎవరి నాణేల విలువ ఎక్కువ పెరిగితే వారికి మిగతా ముగ్గురూ టీ, సింగాడాలు ఇప్పించాలి.

ఇంతవరకూ ఇబ్బంది లేదు. అయితే గెలిచినాయన ‘నాణేలు ఎంచడం నాకు తెలుసు’ అని నమ్మి, వచ్చే ఏడు గ్రాట్యుటీ డబ్బంతా వాటిలో పెడితేనో? అందుకే ఈ పందెం అసలు దేన్ని కొలుస్తోందో ముందుగా చూడాలి.

పాత వెండి నాణెం ధరలో రెండు భాగాలుంటాయి. ఒకటి అందులోని వెండి ఖరీదు. రెండోది ఆ నాణెం కావాలనుకునే సేకర్తలు అదనంగా ఇచ్చే సొమ్ము. మొదటిది ప్రపంచ మార్కెట్టును బట్టి కదులుతుంది. రెండోది ఆ రకం నాణేలు ఎన్ని మిగిలాయి, ఎంత బాగున్నాయి, వాటిని ఎంతమంది కోరుకుంటున్నారు అన్నవాటిపై ఆధారపడుతుంది. ఎంపికలో నేర్పు ఉంటే అది రెండో భాగంలోనే కనిపించాలి.

మొదటి భాగాన్ని లెక్కగట్టడానికి నాణెం మీది సంవత్సరం చూడాలి. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 వరకు అందులో 91.7 శాతం వెండి ఉండేది, అంటే సుమారు 10.7 గ్రాములు. యుద్ధం వచ్చింది, వెండికి కటకట వచ్చింది. 1940 నుంచి సగం వెండి, 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు కలిపిన మిశ్రమంతో రూపాయలు కొట్టారు. బరువు మారలేదు, రాజుగారి బొమ్మ ఉండనే ఉంది, లోపలి వెండి మాత్రం 5.83 గ్రాములకు దిగింది. 1947 రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్ నాణెం. అయస్కాంతం దగ్గరకు తెస్తే అతుక్కుంటుంది. వెండి రూపాయి అతుక్కోదు.

అయస్కాంతం ఇనుము, నికెల్ నకిలీలను పట్టిస్తుంది కానీ రాగి మిశ్రమాలను పట్టించలేదు. దానికి ఆర్కిమిడీస్ పద్ధతి ఉంది. గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసు కావాలి. వంటింటి త్రాసు చాలదు. ముందు నాణేన్ని పొడిగా తూయండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. త్రాసు ఇప్పుడు చూపే అంకె నాణెం పక్కకు తోసిన నీటి బరువు. పొడి బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. 1939కి ముందు రూపాయికి త్రాసు సుమారు 1.13 గ్రాములు చూపాలి, అంటే సాంద్రత 10.3. సగం వెండి రూపాయికి 1.22 దగ్గర చూపుతుంది. రాగి, నికెల్ కలిపి చేసిన నకిలీ అయితే 1.3 దాకా వెళుతుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది కాబట్టి వేలితో తుడిచి మళ్లీ చూడాలి. చేతులు మారి అరిగిన నాణెం బరువు తగ్గుతుంది గానీ సాంద్రత మారదు. ఈ పరీక్షలో నాకు బాగా నచ్చిన సంగతి అదే.

దీనికీ ఒక హద్దుంది. 1939 నాటి రూపాయి అరుదైనది, సేకర్తలు ఎక్కువ ధర ఇస్తారు. ఎవరైనా 1938 రూపాయి మీద చివరి అంకెను చెక్కి 9 చేస్తే త్రాసుకు తెలియదు, లోహం అదే కదా. అక్కడ భూతద్దం, తెలిసినవాళ్ల కన్ను తప్ప దారి లేదు.

అరుదు అన్నప్పుడు ఎన్ని కొట్టారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నది లెక్క. 1911లో ఐదో జార్జి రూపాయి వచ్చినప్పుడు రాజు దుస్తుల మీది ఏనుగు బొమ్మ జనానికి పందిలా కనిపించింది. గొడవ లేవడంతో టంకశాలలో ఉన్నవాటిని కరిగించి, 1912లో బొమ్మను సరిదిద్దారు. వయసు ఒక్కటే కూడా ధర కాదు. శాతవాహనుల సీసపు నాణేలు దాదాపు రెండు వేల ఏళ్లనాటివి, అయినా అరిగిపోయినవాటికి పెద్ద ధర రాదు.

మన ఇళ్లలో నాణేల విలువ పడిపోయేది చాలాసార్లు శుభ్రం చేయబోయినప్పుడే. గాలిలో అతి స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిసి వెండి మీద వెండి సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర మందం పెరిగేకొద్దీ పసుపు, ఊదా, చివరకు నలుపు రంగులు వస్తాయి. పండక్కి వెండి సామాన్లు తోమినట్టు దీన్నీ చింతపండుతోనో విభూదితోనో తోమితే నలుపు పోతుంది. దాంతోపాటు అచ్చు దెబ్బకు లోహం జరిగినప్పుడు ఏర్పడిన అతి సన్నని గీతలూ పోతాయి. కొత్త నాణేనికి మెరుపు ఆ గీతల వల్లే వస్తుంది, ఒకసారి పోతే మళ్లీ రాదు. దండలో గుచ్చడానికి టంకం వేసి కొక్కెం అతికించిన రూపాయిలో కూడా దాదాపు వెండి ధరే మిగులుతుంది. పీవీసీ ప్లాస్టిక్ జేబుల ఆల్బం మరో శత్రువు. కొన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ విడుదల చేసే ఆమ్లం నాణెం మీద పచ్చని జిగురు మరక వేస్తుంది.

ఇక పందెం సంగతి. 2011 ఏప్రిల్ చివర్లో ఔన్సు వెండి 48 డాలర్ల దరిదాపుల్లో ఉంది. ఏడాది గడిచేసరికి 31 దగ్గరకు పడింది. 2025 మొదట్లో 30 డాలర్ల లోపున్న వెండి అదే అక్టోబరులో 50 దాటింది. మొదటి కాలంలో ఎంత నిపుణుడైనా వెండి రూపాయలు కొంటే ఓడిపోయేవాడు. రెండో కాలంలో కళ్లు మూసుకుని కొన్నవాడూ గెలిచేవాడు.

కాబట్టి నలుగురి మధ్యకు మాట్లాడని ఐదో ఆటగాణ్ని తీసుకురావాలి. అదే మామూలు వెండి బిళ్ల. ఉదాహరణకు ఒకాయన నాణేలు 30 శాతం పెరిగి ఆయన మొదటి స్థానంలో నిలిచారనుకోండి. అదే ఏడాది వెండి 40 శాతం పెరిగి ఉంటే, సేకర్తలు ఇచ్చే అదనపు సొమ్ము పెరుగుదలలో వెండి కన్నా వెనకబడింది. టీ ఆయనకే దక్కుతుంది, నేర్పు మాత్రం రుజువు కాలేదు. అన్ని పోటీల్లోనూ ఒకే మనిషి గెలిస్తే? నలుగురిలో ఎవరో ఒకరు వరసగా మూడేళ్లు గెలవడం ఉత్త అదృష్టంతోనే 16కి ఒకసారి జరగవచ్చు.

విలువ కట్టేటప్పుడు కేటలాగులో అచ్చైన ధర తీసుకోకూడదు. వ్యాపారి మన నాణేన్ని ఎంతకు కొంటాడన్నదే లెక్క. ఆయన 100కు అమ్మి 80కి తిరిగి తీసుకుంటే, అసలు చేతికి రావడానికే ధర 25 శాతం పెరగాలి. ఏడాది పందెంలో చాలా నాణేలు ఈ గడప దగ్గరే ఆగిపోతాయి.

గోల్‌బజార్ వాళ్ల మనసు దోచే నాణెం ఒకటుంది. భారతీయ రైల్వేల 150 ఏళ్ల గుర్తుగా 2003లో వచ్చిన రెండు రూపాయల నాణెం అది. దాని మీద లాంతరు పట్టుకున్న ఏనుగుపిల్ల భోలూ ఉంటుంది. చెలామణికి పెద్దసంఖ్యలో కొట్టినది కనుక పందేనికి పనికిరాదు. మనవడికి ఇవ్వడానికి బాగుంటుంది.

ఫలానా పాత నాణెం మీ దగ్గర ఉంటే లక్షలిస్తామంటూ ఫోన్లో వచ్చే ప్రకటనలకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. వాళ్లు ముందుగా కమీషన్, పన్ను పేరుతో డబ్బు అడుగుతారు. పాత నోట్లు, నాణేల వ్యవహారాల్లో తమకు ప్రమేయం లేదని, ఎవరి నుంచీ రుసుం అడగబోమని, తమ పేరుతో వసూలు చేయడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. నాణెం నిజంగా కొనేవాడు దాన్ని చేతిలోకి తీసుకుని, తూచి, అంచు చూసి, డబ్బు తానే ఇస్తాడు.