మీకు తెలుసా? వీరాపురం చింతచెట్ల మీద కొంగల కాపురం

● దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అలాంటి గడ్డ మీదే చేపలు తిని బతికే పెద్ద కొంగలు ఏటా ఒక ఊరి నడుమ గుడ్లు పొదిగి పిల్లల్ని పెంచుతున్నాయి.

● ఆ ఊరు చిలమత్తూరు మండలం వీరాపురం. అనంతపురం నుంచి విడివడి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. కింద తెల్లటి రెట్టలు, చేపల కంపు, పైన ఆకలేసిన పిల్లల అరుపులు. అయినా ఎవరూ తోలరు. కొంగలొస్తే వానలొస్తాయని ఊరి నమ్మకం.

● వీటిని చాలామంది ‘సైబీరియా కొంగలు’ అంటారు. అది తప్పు. ఇవి మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. వీటి వేట చూడాలి! ముక్కు సగం తెరిచి నీళ్లలో ఉంచి, కాలితో అడుగు కలుపుతాయి. చేప తగిలిందో, ముక్కు టక్కున మూసుకుంటుంది. లోతు లేని చెరువు ఉంటేనే ఈ వేట సాగుతుంది. చెట్టును ఊరు కాపాడగలదు. చెరువులు నిండేలా చూడడం ప్రభుత్వం చేతిలో ఉంది.

● ఇలాగే ఊళ్లు కాపాడిన మరో చోటు, చెన్నేకొత్తపల్లి దగ్గరి కల్పవల్లి అడవి తెలుసా? టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ల రైతులు, గొర్రెల కాపరులు 1990ల నుంచి బోడిగుట్టలను కాపాడుకొచ్చారు. నరకనివ్వలేదు, ఎండాకాలం నిప్పంటుకోనివ్వలేదు. ఏడు వేల ఎకరాల పైచిలుకు పచ్చబడి, తోడేళ్లకు నీడైంది. రెవెన్యూ లెక్కల్లో మాత్రం అది బంజరే. అందుకే తర్వాత గాలిమరలు వచ్చాయి, వాటి కోసం గుట్టలు తొలిచి రోడ్లు వేశారు. ప్రజల శ్రమ ప్రభుత్వ రికార్డుకు ఎక్కకపోతే జరిగే అన్యాయం ఇది.

● పసిఫిక్ ద్వీపదేశం పలావు దారి వేరు. చేపలకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడానికి పెద్దలు వేట ఆపించే ‘బుల్’ కట్టుబాటు అక్కడ అనాదిగా ఉంది. ఆ స్ఫూర్తితోనే ప్రభుత్వం 2015లో చట్టం చేసి, 2020 నుంచి తన సముద్ర ఆర్థిక మండలంలో 80 శాతం మేర వేటను నిషేధించింది.

● మనకూ చట్టముంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి చెట్టూచేమా, పక్షీపశువూ, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులూ ఒక రిజిస్టరులో రాయాలి. మీ పంచాయతీ ఆఫీసుకెళ్లి ఆ రిజిస్టరు చూపించమని అడగండి.