అంతర్వేది రేపెళ్దాం

నర్సాపురంలో రైలు పట్టాలు అయిపోతాయి. మా నాలుగేళ్లవాడికి ఈ ప్రయాణంలో అదే మొదటి వింత. "ఇంక ముందుకి వెళ్లదా?" అని ఇంజను వైపు చూస్తూ నిలబడిపోయాడు. వెళ్లదు. ముందు గోదారి ఉంది. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని మాధవాయిపాలెం రేవుకి వచ్చేసరికి ఎండ ఇంకా ముదరలేదు. అవతలి గట్టు సఖినేటిపల్లి, మధ్యలో వశిష్ఠ. జనాన్నీ బళ్లనీ దాటించే పంటు ఆ ఒడ్డునే ఉంది.

"ఎంతసేపు పడుతుందండీ?"

"పాటు మీదుందండి నీరు. కాస్త పోటందుకుంటేగానీ కదల్దండి. ఆయ్."

నాకు చిరాకు మొదలైంది. బ్యాగులో కాగితం ఉంది మరి. మొదటి రోజు అంతర్వేది గుడి, లైట్‌హౌస్, అన్నాచెల్లెళ్ల గట్టు. రెండో రోజు అప్పనపల్లి, ఆదుర్రు స్తూపం, ముక్తేశ్వరం. మూడో రోజు అయినవిల్లి, ర్యాలి, ఆత్రేయపురం. పిల్లల స్కూలు టైంటేబుల్ కన్నా గట్టిగా వేసుకున్నాను. రేవులో కూర్చుని ఆ కాగితాన్ని మడతపెడుతూ విప్పుతూ ఉంటే, పిల్లలు మాత్రం బురదలో పీతపిల్లలు బొరియల్లోకి దూరడం చూస్తున్నారు. తర్వాత ఒకాయన రెండు మేకల్ని తోలుకొచ్చాడు. వాటికి పంటు ఎక్కడం అలవాటేనట. మా పెద్దదానికి ఏడేళ్లు. "మేకలకి టికెట్టు ఉంటుందా?" అని ఆయన్నే అడిగేసింది. చేపల బుట్టలు, మోటార్‌సైకిళ్లు, గ్యాస్ సిలిండర్లు, కాలేజీ పిల్లలు, పెళ్లికి వెళ్తున్న కుటుంబం, అందరూ వచ్చి చేరారు. ముప్పావుగంట గడిచింది. ఆ ముప్పావుగంటలో పిల్లలు ఒక్కసారి కూడా ఫోన్ అడగలేదు.

పంటు కదిలాక అది ఎంతసేపటిలో దాటిందో నాకు గుర్తులేదు. ఆ ఎదురుచూపు మాత్రం గుర్తుంది.

దీవికి వెళ్లి సెలవులు గడపడం అంటే మనకి మాల్దీవులు గుర్తొస్తాయి, లేదా అండమాన్. చంటిపిల్లలతో రెండు విమానాలు, ఒక స్పీడ్‌బోటు, వాంతులు. మన ఇంటి పక్కనే ఇంకో దీవి ఉందన్న సంగతి తోచదు. ధవళేశ్వరం దిగువన గోదారి రెండుగా చీలుతుంది. ఎడమ చేతి పాయ గౌతమి, కుడి చేతి పాయ వశిష్ఠ. గన్నవరం దగ్గర వశిష్ఠలోంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు వైపు పోతుంది. రెండు వైపులా నదులు, మూడో వైపు బంగాళాఖాతం. మధ్యలో మిగిలిన మూడు మూలల నేల కోనసీమ. మ్యాపు తిరగేసి చూడండి, అచ్చంగా దీవే. 2022 ఏప్రిల్ 4న దీన్ని జిల్లా చేశారు గానీ, జిల్లా గీతలు గౌతమికి అవతలి నేలని కూడా కలుపుకున్నాయి. నది గీసిన గీత వేరు. అస్సాంలో బ్రహ్మపుత్ర మధ్యనున్న మాజులీ 2016లో జిల్లా అయినప్పుడు దేశమంతా దీవి జిల్లా అని రాశారు. కోనసీమని ఎవరూ అలా అనరు. ఎందుకంటే ఇప్పుడు వంతెనలున్నాయి. రావులపాలెం మీంచి, చించినాడ మీంచి, యానాం దగ్గర బాలయోగి పేరు పెట్టిన వంతెన మీంచి కారులో వస్తే దీవిలోకి వచ్చామన్న స్పృహే ఉండదు. టోల్‌గేటు దాటినట్టు దాటేస్తాం. అందుకే చిన్నపిల్లలతో వస్తున్నారంటే, వెళ్లేటప్పుడు వంతెన ఎక్కినా ఫరవాలేదు, వచ్చేటప్పుడు మాత్రం రేవులోనే రండి అంటాను.

ఇది చెప్పడం నాకు కాస్త సిగ్గుగానే ఉంది. మాకు సరదా అయిన ఆ ఎదురుచూపు సఖినేటిపల్లి వాళ్లకి రోజూ ఉండే బాధ. ఇక్కడ వంతెన కావాలని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. పురిటినొప్పులతో రేవు చేరినవాళ్లకి పోటూ పాటూ లెక్కలు చెబితే ఎలా ఉంటుంది? వంతెన రావాలి. వచ్చినా పంటు ఉంచమని అడగడం మాత్రం నా స్వార్థం.

నది మీద కాలువ

మేం దిగింది దిండిలో. వశిష్ఠ ఒడ్డున టూరిజం వాళ్ల రిసార్టు, హౌస్‌బోట్లు ఉన్న ఊరు అది. హౌస్‌బోటు చూసి పిల్లలు ఎగిరారు గానీ, నాలుగేళ్లవాణ్ణి రాత్రంతా నీళ్ల మీద పడుకోబెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఒడ్డున గది తీసుకున్నాం. మొదటి రోజు మధ్యాహ్నం అంతర్వేది వెళ్లాలి. పిల్లలు అన్నం తిని నిద్రపోయారు. రేపెళ్దాం అనుకున్నాం.

లేచాక మావాడు గట్టు మీద నిలబడి, "అమ్మా, గోదారి వెనక్కి నడుస్తోంది" అన్నాడు. నిజమే. గుర్రపుడెక్క తుంపులు పొద్దున సముద్రం వైపు పోయాయి, సాయంత్రం ఎగువకి పోతున్నాయి. సముద్రపు పోటు ఇక్కడిదాకా ఎక్కుతుంది. రిసార్టులో స్విమ్మింగ్‌పూల్ ఉన్నా, పిల్లలిద్దరూ ఆ సాయంత్రమంతా కొబ్బరి మట్టల ముక్కలు నీళ్లలో వేసి ఎటు పోతాయో పందెం కాశారు. నేను వాళ్ల చొక్కాలు పట్టుకుని కూర్చున్నాను. మరుసటి రోజు నీరు తీసినప్పుడు ఆ ముక్కలు గట్టున బురదలో కనిపించాయి. "మన పడవలే!" అని కేకలు.

కోనసీమలో చిన్నపిల్లలకి చూపించదగ్గది ఒక్కటే ఎంచమంటే, నేను గుడి చెప్పను, బీచి చెప్పను. గన్నవరం అక్విడక్టు చెప్తాను. ఇంజనీరు కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టేశాడు. నీళ్లు దీవి మధ్యదాకా వచ్చాయి. వైనతేయకి అవతల ఉన్న భూములకి ఎలా పంపాలి? నది మీంచే కాలువని దాటించారు. 49 ఖానాలు, ఒక్కోటి 40 అడుగులు. కింద నది, పైన కాలువ. రాయీ సున్నమూ కలిపి 1850లలో కట్టింది ఇప్పటికీ నిలబడి ఉంది. పక్కనే కొత్తది కట్టి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పెద్దవాళ్లకి ఇది "ఓహో" అని తల ఊపే విషయం. పిల్లలకి అలా కాదు. "నీళ్ల మీద నీళ్లు ఎలా నడుస్తాయి?" అని మా పెద్దది అడిగిన ప్రశ్నకి సమాధానం చెప్పడానికి ఇసుకలో చేత్తో గుంటలు తవ్వి, కొబ్బరి బొండాం సగానికి కోసి వంతెన చేయాల్సొచ్చింది. అది మూడుసార్లు కూలింది.

దారిలో బోర్డులు కూడబలుక్కుంటూ చదివింది కూడా మా పెద్దదే. ఏ మలుపు తిరిగినా పేరు చివర లంక. "ఇక్కడ అన్ని లంకలున్నాయేంటి? రావణాసురుడు ఏ ఊళ్లో ఉంటాడు?" అని ఆటో ఆయన్ని అడిగింది. ఆయన ఏ మాత్రం తొణక్కుండా, "ఆగస్టులో వస్తాడమ్మా, ఎర్రనీళ్లతో పాటు" అన్నాడు. నవ్వాం గానీ ఆ మాట ఉత్త హాస్యం కాదు. నది మధ్య ఒండ్రు మేటవేసి ఏర్పడిన నేలే లంక. అరటి, పొగాకు, కూరగాయలు విరగపండే నేల అది. 1986 ఆగస్టు వరదని ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ కొలమానంగా చెబుతారు. 2022 జులైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు లంకల్లో ఇళ్లు నీళ్లలో నిలబడ్డాయి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పిల్లలతో వచ్చేవాళ్లు హోటల్ రేటింగుల కన్నా ముందు ఈ మూడు అంకెలు గుర్తుపెట్టుకోవాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా రాకండి. పుస్తెలమ్మైనా పులస తినాలనే సీజను అదే కదా అంటారా? నాలుగేళ్లవాడికి పులస ముళ్లు తీసి పెట్టి చూడండి, ఆ సామెత ఇంకెప్పుడూ అనరు.

పనసాకు బుట్టలో ఇడ్లీ

రెండో రోజు కూడా అంతర్వేది కాలేదు. అంబాజీపేటలో పొట్టిక్కల దగ్గర ఆగిపోయాం. పనసాకుల్ని పుల్లలతో కుట్టి బుట్టలా చేసి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి పెడతారు. ఇంట్లో ఇడ్లీ అంటే మొహం తిప్పుకునే మావాడు ఆ ఆకు విప్పుకుంటూ మూడు తిన్నాడు. తర్వాత కొబ్బరి ఒలుపు దగ్గర నిలబడ్డాం. నేలలో పాతిన ఇనుప మొన మీద కాయని మూడు పోట్లు పొడిచి పీచు తీసేస్తారు. లెక్కపెట్టడం మొదలెట్టిన పెద్దది వంద దాకా కదల్లేదు. నేను వాచీ చూసుకోవడం అప్పుడే మానేశాను.

దీవికి తల దగ్గర ఆత్రేయపురం, పాదాల దగ్గర అంతర్వేది. తల దగ్గరకి మేం వెళ్లగలిగాం. అక్కడి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిల్లలకి చూపించాల్సింది స్వీటు షాపు కాదు, రేకు తీసే ఇల్లు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ. కుండ మీద గుడ్డ ఒక్కసారి లాగితే రేకు వచ్చేస్తుంది. అడిగితే కాదనకుండా చూడనిచ్చారు. "కాగితం తింటున్నాం" అని మావాడు ఊరంతా చెప్పుకున్నాడు.

డొక్కా సీతమ్మ గురించి చెప్పకుండా కోనసీమలో పిల్లలకి తిండి పెట్టడం గురించి రాయలేను. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టింది. నది దాటి ఆకలితో వచ్చేవాళ్లకి ఆ ఇల్లే రేవు. ఆవిడ ఒకసారి అంతర్వేది నరసింహస్వామిని చూద్దామని మేనాలో బయలుదేరిందట. దారిలో ఎదురైన పెళ్లివారిలో పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, "గన్నవరం చేరితే సీతమ్మగారు పెడుతుందిలే" అని పెద్దవాళ్లు ఓదార్చడం ఆవిడ చెవిన పడింది. మేనా వెనక్కి తిప్పించింది. ఇలాగని ఇక్కడ చెప్పుకుంటారు. అక్విడక్టు నీడలో కూర్చుని ఈ కథ చెబితే మా పెద్దది, "ఐతే ఆవిడా అంతర్వేది చూడలేదా?" అంది.

ఇక పనికొచ్చే మాటలు కొన్ని. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం, సంక్రాంతి వారం తప్ప. ఆ వారం గదులు దొరకవు, కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం చంటిబిడ్డని చంకనేసుకుని చూసే జనం కాదు. గోదారిలో పిల్లల్ని దించకండి. మోకాలి లోతు ఇసుక పక్కనే నిలువు లోతు గుంట ఉంటుంది. గోదారికన్నా ఇంటి ముందు పారే కాలువ ఇంకా ప్రమాదం, మనం దాన్ని చూసి భయపడం గనక. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదారిలో లాంచీ మునిగాక ఈ నీళ్ల మీద లైఫ్‌జాకెట్టు సంగతి ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. పిల్లల సైజు జాకెట్టు లేదంటే ఆ పడవ ఎక్కకండి, మొహమాటపడకండి. దోమలకి మందు, రాత్రి నడవడానికి టార్చి. కాకినాడ వైపు ఒక రోజు పెట్టుకుంటే కోరంగి మడ అడవిలో చెక్కబాట మీద నడక బుడతలకి కూడా వీలుగా ఉంటుంది. హోప్ ఐలాండ్ మాత్రం వాళ్లు కాస్త ఎదిగాక. పదహారు కిలోమీటర్ల ఇసుక మేట మీద ఎండలో చిన్నపిల్లల్ని నడిపించడం సెలవు అనిపించుకోదు.

మూడో రోజు పొద్దున సామాను సర్దుతుంటే కాగితం దొరికింది. రాసుకున్న తొమ్మిదింటిలో చూసింది ఒక్కటే. అంతర్వేది పక్కన పిల్ల పెన్సిలుతో "రేపు" అని రాసి ఉంది.

సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి గోదారి నిండుగా ఉంది. పోటు మీద పంటు మాకోసమే ఉన్నట్టు ఒడ్డుకి ఆనుకుని ఉంది. "రండి రండి, ఎల్లిపోద్దండి" అని పిలుస్తున్నారు. మా ఆయన సంచులెత్తుకుని పరిగెత్తారు. మావాడు మాత్రం రేవు మెట్టు మీద కూలబడ్డాడు. లేవమంటే లేవడు. చెయ్యి పట్టి లాగితే ఏడుపు.

"ఇంకా మేకలు రాలేదు."