మీకు తెలుసా? పాత కార్డులో పాత తీరం

మన దేశంలో పోస్టుకార్డు 1879లో కాలణాకే వచ్చింది. బొమ్మల కార్డుల జోరు ఆ తర్వాతిది. 1900ల తొలి ఏళ్లలో మద్రాసులోని హిగ్గిన్‌బాథమ్స్, వీలే అండ్ క్లైన్ వంటి సంస్థలు దక్షిణాది దృశ్యాలను కార్డులకెక్కించాయి.

అలాంటి పాత దృశ్యాలు తీరం ఎలా మారిందో చెబుతాయి. నక్కపల్లి నుంచి హైవే మీద ఉత్తరంగా వెళ్తే వచ్చే విశాఖనే చూడండి. ఓడరేవు పనులు మొదలవక ముందు తీసిన దృశ్యాల్లో డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక ఉన్నది రేవు కాదు, ఉప్పుటేరు, చిత్తడి నేలలు. 1933 అక్టోబర్‌లో ఓడరేవు తెరుచుకుంది. అలల ధాటి ఆపడానికి రెండు పాత ఓడలనే ముంచేశారు! 1970లలో ఔటర్ హార్బర్ వచ్చింది. ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుకకు రేవు కట్టడాలు అడ్డుపడ్డాయి. అందుకే విశాఖలోని ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది, తవ్వితీసిన ఇసుకను అక్కడికి పంపు చేయాల్సి వస్తోంది.

ఒక జాగ్రత్త: నాటి కార్డుల్లో చాలా రంగులు అచ్చులో అద్దినవే. పచ్చదనాన్ని నమ్మలేం. కొండ అంచు, ఒడ్డు గీత, కట్టడాలనే నమ్మాలి.

నక్కపల్లి తీరమూ ఇప్పుడు మారుతోంది. ఇక్కడి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మీ ఇంట్లో ఈ తీరంలోని రాజయ్యపేట ఒడ్డు పాత ఫొటో ఉంటే పారేయకండి. రెండు వైపులా స్కాన్ చేసి, తీసిన ఏడాది, చోటు రాసిపెట్టండి.